గుండె జాడ

రాజంపేట పక్క పల్లెలో చౌడమ్మ మగ్గం గుంటలో కూర్చుందంటే వీధి పొడుగునా ఒకే వరసన టకటక వినిపించాల్సిందే. మనిషి సన్నం. మాట్లాడేటప్పుడు కూడా బొటనవేలు చూపుడువేలి మీద లేని పోగును సరిచేస్తూ ఉంటుంది. మూడు నెలలుగా, నేస్తుండగానే ఆమె గుండె ఉన్నట్టుండి పరుగందుకుంటోంది. కళ్లు చీకట్లు కమ్మినా మగ్గం ఆపదు. రైలెక్కి కడప చేరేసరికి గుండె కుదురుకుంటుంది. డాక్టరు నాడి చూసి, "నీకేం లేదమ్మా, అంతా భయమే" అని పంపేస్తాడు. మూడోసారీ ఆయన ఆ మాటే అనేసరికి, నేత బాగాలేదని షావుకారు తిప్పి పంపిన చీరను సంచిలోంచి తీసి ఆయన బల్ల మీద పరిచింది.

"భయమా? ఈడ చూడు సామీ. ఈడిదాకా నేత సమంగా ఉండాది. ఈడ గుండె పరిగెత్తింది, చెయ్యి బిగుసుకుని పోగులు ఒత్తుగా పడినాయి. ఈడ కండ్లు తిరిగి పలచబడింది. ఈడ మళ్లా కుదురుకునింది. నేనంటే అబద్ధం చెప్తా, గుడ్డ చెప్తాదా?"

డాక్టరు చీర మీద వేలు పెట్టి మెల్లగా నడిపాడు. తొలిసారి ఆమెకు కుర్చీ చూపించాడు. "గుండె లయ తప్పుతోందమ్మా. ఇక మగ్గం ముట్టుకోవద్దు."

చౌడమ్మ చీర మడత పెట్టుకుంది.

"మందియ్యి, మింగుతా. మగ్గం మానుకుంటే, ఈసారి గుండె పరిగెత్తినప్పుడు నీకేం తెచ్చి చూపియ్యాల?"