కవరు తీయని బెల్టులు

గుడివాడ శివార్లలో ఒక ధాన్యం గోడౌనుకు పైకప్పు రేకులు వేయించినప్పుడు సైటు సూపర్‌వైజర్ని నేనే. భద్రత విషయంలో మేం ఏ లోటూ చేయలేదు. ఆరు సేఫ్టీ బెల్టులు కొన్నాం. దసరాకి డ్రిల్లింగ్ మెషీన్లతో పాటు వాటికీ పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టాం. తర్వాత కవర్లతో సహా ఆఫీసు గదిలో మేకుకు తగిలించాం. మాసిపోతే ఇన్‌స్పెక్టరు గారికి ఏం చూపిస్తాం?

రేకులు బిగించే పనివాడు పెడన నుంచి వచ్చేవాడు. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనేవాడు. ఆ ఉదయం వాన వెలిసింది.

"రేకులు జారతన్నాయి బావా, ఓ బెల్టు ఇప్పించు."

"కవరు చింపితే పాడైపోతుంది. ముప్పై ఏళ్ళుగా ఎక్కుతున్నావు, ఇవాళ పసిపిల్లాడివయ్యావా?"

"పసిపిల్లాణ్ణయితే మా అమ్మ ఎక్కనిచ్చేదా?" అని నవ్వుతూ నిచ్చెన ఎక్కాడు.

పదకొండింటికి, వెలుతురు కోసం వేసిన ఫైబరు రేకు మీదికి జారాడు. అది విరిగింది. కింద సిమెంటు నేల. ప్రాణం నిలిచింది, నడుము నిలవలేదు.

అంబులెన్సు వెళ్ళగానే నేను ఒక బెల్టు కవరు చింపి, దాన్ని మట్టిలో పొర్లించి, అతను పడ్డచోట పెట్టి ఫోటో తీశాను. అంత చురుగ్గా నేను ఏ పనీ చేసి ఎరగను. "బెల్టు ఇచ్చినా విప్పేశాడు" అని రిపోర్టు రాశాను. నా దస్తూరీ బాగుంటుంది. అందరూ నమ్మారు.

రెండేళ్ళుగా అతను మంచం మీదే ఉన్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా "ఇచ్చిన బెల్టు పెట్టుకోవచ్చుగా" అని బుద్ధి చెప్పి వెళ్తారట. "నాకివ్వలేదు" అని అతనంటే, "కాగితంలో ఉందిగా" అంటారట.

మొన్న బందరు లేబరు ఆఫీసులో నిజం రాసిచ్చాను. "ఇప్పుడెందుకండీ ఇదంతా?" అని పాపం అక్కడివాళ్ళు నా మీద జాలిపడ్డారు. అక్కణ్ణుంచి అతని ఇంటికి వెళ్ళి అదే చెప్పాను. అతను ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"మాకు చెప్పడమెందుకండీ, మాకు తెలిసిందేగా? బయటికి రండి," అంది భార్య.

వీధి అరుగుల మీద ఇరుగుపొరుగు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు నిలబడ్డాను. "బెల్టు అడిగాడు. నేనే ఇవ్వలేదు. రాసింది అబద్ధం."

ఒక ముసలావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "గట్టిగా చెప్పు నాయనా, వినపళ్ళేదు."

గట్టిగా చెప్పాను.

లోపలినుంచి అతను భార్యను కేకేశాడు. "ఎదురింటి మావయ్య ఇంకా మగ్గం మీంచి లేవలేదు. ఆయనొచ్చేదాకా ఉండమను."

ఉన్నాను.