బువ్వ చెయ్యి, కడవ చెయ్యి

ప్రొద్దుటూరులో ఉత్త దస్తగిరి అంటే ఎవరికీ తెలిసేది కాదు. రేడియో దస్తగిరి అంటే బంగారు అంగళ్ల షావుకార్లు సైతం లేచొచ్చి దారి చూపేవాళ్లు. వాళ్ల ఇళ్లలోని పెద్ద పెద్ద రేడియోలకు గొంతు పోయినప్పుడల్లా ఆయనే కదా దిక్కు! తాతల నాటి వృత్తి దూదేకడం. యుద్ధకాలంలో బెంగుళూరు విమానాల కార్ఖానాలో పనికి కుదిరి, యుద్ధం ముగిశాక ఒక చిన్న ఇంజనునూ ఒక పెద్ద పిచ్చినీ వెంటబెట్టుకొని తిరిగొచ్చాడు.

ఇంజను పిడికిట్లో పట్టేంతది. దేశం వదిలిపోతూ ఒక దొర ఇచ్చిపోయాడట. దానికి తగిన విమానం కట్టడానికి దస్తగిరికి ఏళ్లు పట్టింది. బాసింగాలు చేసేవాళ్ల దగ్గర తెచ్చిన జీలుగుబెండు, సన్నగా చీరిన వెదురు బద్దలు, పైన గాలిపటాల కాగితం. కాగితం బిర్రుగా బిగియడానికి సినిమాహాలు ఆపరేటరును బతిమాలుకొని తెగిన రీలు ముక్కలు తెచ్చి, రంగులు కరిగించే మందులో కరగబెట్టి రెక్కలకు పూసేవాడు. ఎంతమంది రాజులూ రాణులూ ఆ రెక్కల మీద కరిగిపోయారో లెక్కలేదు. ఇంజనుకు ఆముదం, కిరసనాయిలు, ఆసుపత్రి కంపౌండరు ఇచ్చిన ఈథరు కలిపి పట్టేవాడు. ఆ కంపుకు వీధి వీధంతా ముక్కులు మూసుకొనేది. నడివయసులో ఈ ఆటలేందప్పా అని పెద్దమనుషులు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ, వాళ్ల రేడియోలు ఈయన చేతిలోనే ఉండె.

ఎగరేయడం ఒక ఎత్తు, రేడియోతో దాన్ని తిప్పడం ఒక ఎత్తు. పెన్నేటి ఇసకలో ఒక పెట్టె, దానికి నిలువెత్తు కడ్డీ, పెట్టె నుంచి తీగతో వచ్చే ఒకే ఒక్క బటను. నొక్కి పట్టుకుంటే విమానం తోక ఎడమకు తిరుగుతుంది. వదిలితే నేరుగా పోతుంది. మళ్లీ నొక్కితే ఈసారి కుడికి. ఎడమ తర్వాత కుడి, కుడి తర్వాత ఎడమ, ఈ వరస తప్పదు. కావలసిన పక్క కాకపోతే ఒకసారి ఊరికే నొక్కి వదిలి, మళ్లీ నొక్కాలి. ఇంతకు ముందు ఏ పక్క అయిందో మిషనుకు పట్టదు, మనిషే గుర్తుపెట్టుకోవాలి. ఊళ్లో రేడియోలన్నిటి గుట్టూ తెలిసిన దస్తగిరికి ఈ చిన్న లెక్క మాత్రం నిలిచేది కాదు. చూపు ఆకాశంలోకి పోతే లెక్క గాల్లో కలిసేది.

ఆ లెక్క ఆయన భార్య మాబున్నిది. శుక్రవారం అంగడి మూసి, సైకిలు వెనక ఆమెను కూర్చోబెట్టుకొని, ఆమె ఒళ్లో విమానం పెట్టి ఏటికి తీసుకుపోయేవాడు. విమానం ఎటు పోతే ఆమె అటు మొహం పెట్టి తిరుగుతూ నిలబడేది. అప్పుడు ఆమె చెయ్యి, దాని రెక్క ఒకే పక్కన ఉంటాయి. కుడీ ఎడమా అనేది కాదు. కుడి అంటే బువ్వ తినే చెయ్యి, ఎడమ అంటే కడవను చంకలో ఇరికించుకొనే చెయ్యి.

"ఇంగ బువ్వ చెయ్యి!" అని అరిచేది. ఆయన నొక్కేవాడు. "ఇంగ కడవ చెయ్యి!" మళ్లీ నొక్కేవాడు. ఒక్కసారి కూడా ఆమె తప్పలేదు.

యాభై తొమ్మిదిలో బెంగుళూరు నుంచి పాత జతగాడు నూరుల్లా ఒక పొట్లం పంపాడు. అందులో పెసరగింజంత పళ్ల చక్రాలున్న ఇత్తడి సామాను ఒకటి, చీటీ మీద బొమ్మ ఒకటి. ఒక వేలు గీసి పక్కన ఎడమకు తిరిగిన విమానం, రెండు వేళ్లు గీసి పక్కన కుడికి తిరిగిన విమానం. ఇది బిగిస్తే ఒకసారి నొక్కితే ఎప్పుడూ ఎడమే, రెండుసార్లు నొక్కితే ఎప్పుడూ కుడే. లెక్కతో పనిలేదు.

లెక్కతో పనిలేకపోతే మాబున్నితోనూ పనిలేదు. దస్తగిరి గబుక్కున పొట్లం మూసేశాడు.

"ఏందది?" అని అడిగింది ఆమె.

"మన దానికి పడదులే. కొలత వేరే" అని, దాన్ని మాడిపోయిన రేడియో వాల్వులుండే బిస్కెట్ల డబ్బా అడుగున పడేశాడు.

పెండ్లాన్ని ఎండలో నిలబెట్టడానికి ఇంత అబద్ధమా అని మీరడగొచ్చు. అడగండి, తప్పులేదు. పిల్లల్లేని ఇల్లు అది. వారంలో ఆరు రోజులు ఆయన రేడియోల్లో తల దూర్చేవాడు, ఆమె పొయ్యి ముందర ఉండేది. ఇద్దరూ కలిసి ఒకే దాన్ని చూసేది ఆ శుక్రవారం సాయంత్రం మాత్రమే. దాన్ని పోగొట్టుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు.

"అరికాళ్లు కాలిపోతాండాయి. ఈ మాయదారి దానికి ఎప్పుడు బుద్ధొస్తాదో!" అని ఆమె సణుగుతూనే మూడేళ్లు వచ్చింది. అరవైరెండు వానాకాలంలో కామెర్లు సోకి, పదకొండు రోజుల్లో పోయింది.

పగలంతా అంగట్లో రేడియోలు మాట్లాడేవి. ఇంటికొస్తే ఏమయ్యో అనే దిక్కులేదు. ఒంటరితనం ఎంత బరువో దస్తగిరికి అప్పుడు తెలిసొచ్చింది. విమానం ఏడాది పాటు దూలానికి వేలాడింది.

ఏడాది నిండిన తర్వాత ఒక శుక్రవారం ఒక్కడే ఏటికి పోయాడు. విమానాన్ని గాల్లోకి విసిరి బటను అందుకున్నాడు. ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది. అంతే, లెక్క పోయింది. "ఏ చెయ్యే? చెప్పు!" అని అరిచాడు. ఎవరు చెబుతారు? తోచినట్టు నొక్కితే అది పోయి గట్టు మీది తుమ్మచెట్టులో పడింది.

అక్కడ గొర్రెలు మేపుతున్న యల్లయ్య దాన్ని దించి తెచ్చిచ్చాడు.

"రెక్క ఇరిగింది మామా. అది సరే, ఎవర్ని అట్లా గొంతు సించుకోని అడుగుతాండావు? ఈడ ఎవురూ లేరే!"

"అలవాటప్పా" అన్నాడు దస్తగిరి.

రెక్క అతికించడం ఎంతసేపు? అతికించాక ఏం చెయ్యాలన్నదే తెగలేదు. ఒక్కడే ఎగరేయాలంటే నూరుల్లా పంపిన సామాను బిగించాలి. బిగిస్తే మాబున్ని లేకున్నా జరుగుతుందని తన చేతులతో తానే ఒప్పుకున్నట్టు. మూడు శుక్రవారాలు విమానం ముందర ఊరికే కూర్చున్నాడు. నాలుగో శుక్రవారం డబ్బా దించి వాల్వులన్నీ చాప మీద కుమ్మరించాడు.

ఇత్తడికి ఈపాటికి చిలుము పట్టి ఉంటుందనుకున్నాడు. చూస్తే అడుగున ఒక పచ్చగుడ్డ మూట. ఆయన ఏ గుడ్డలోనూ చుట్టలేదు, ఊరికే పడేశాడు. విప్పితే గుడ్డంతా కుట్టుమిషను నూనె. సామాను నిన్న కొన్నట్టు మెరుస్తోంది. నూరుల్లా చీటీ నాలుగు మడతలు పెట్టి పక్కనే ఉంది. ఆ వేళ్ల బొమ్మ అర్థం కావడానికి చదువు అక్కరలేదు. ఆ పచ్చగుడ్డ అరవైఒకటి ఉరుసుకు మాబున్ని కట్టుకున్న చీర చెరుగు.

ఆమెకు తెలుసు. తెలిసే దానికి నూనె పెట్టింది. తెలిసే అరికాళ్లు కాలుతున్నా వచ్చి, ఏమీ తెలియనట్టు బువ్వ చెయ్యి, కడవ చెయ్యి అని అరిచింది. దస్తగిరి ఆ గుడ్డ మొహానికి అదుముకొని చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చాడు.

మరుసటి శుక్రవారం సామాను బిగించి ఎగరేశాడు. ఒకసారి నొక్కితే ఎడమ, రెండుసార్లు నొక్కితే కుడి. చమురు అయిపోయేదాకా చెప్పినట్టు తిరిగి, వచ్చి కాళ్ల దగ్గరే దిగింది. ఆయన నోరు తెరవాల్సిన అవసరమే రాలేదు.

"ఈపొద్దు శానా బాగ తిరిగింది మామా! అరవకుండానే!" అని గట్టు మీది నుంచి కేకేశాడు యల్లయ్య.

దస్తగిరి తలూపాడు. ఇంటికి పోయి, దాన్ని ఊడదీసి, నూనె పెట్టి, పచ్చగుడ్డలో చుట్టి, డబ్బా అడుగునే పెట్టేశాడు. లెక్క పెట్టుకోవాల్సిన పాత సామానే మళ్లీ బిగించాడు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, శుక్రవారం పెన్నేటి ఇసకలో ఒక మనిషి విమానం ఎటు పోతే అటు మొహం పెట్టి తిరుగుతూ తనలో తాను మాట్లాడుకోవడం జమ్మలమడుగు బస్సుల్లో పోయేవాళ్లు చూసేవాళ్లు. సగంసార్లు లెక్క తప్పేవాడు. తప్పినప్పుడల్లా వారమంతా రెక్కలు అతికించుకొనేవాడు. "ఇంగ కడవ చెయ్యి" అని పైకే అనేవాడు. అని, ఒక్క క్షణం ఆగి చెవి ఒగ్గి, అప్పుడు నొక్కేవాడు.