అతుకుపని చేసే బావ

దగ్గరగా జరిగి కూర్చోండి. మధ్యలో నా గొంతు పెరిగితే ఏమనుకోకండి, ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు కోపం ఆగదు.

నా చిన్నప్పుడు మేం సౌదీలో, జిజాన్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న ఒక ఆసుపత్రిలో ఏసీలు బాగుచేసేవాడు. మా పక్కింటి అక్క అక్కడే నర్సు. అక్కదీ, ఆవిడ భర్తదీ నరసాపురం వైపు. ఆయన్ని నేను బావ అనేదాన్ని.

ఆ వైపు లేసు అల్లికలో ఒక పద్ధతి ఉంది. విడి పువ్వులు కొందరు అల్లుతారు, వాటిని కలిపి గుడ్డగా చేసేది ఇంకొకరు. దాన్ని అతుకుపని అంటారు. బావ వాళ్ళమ్మకి చూపు తగ్గితే ఆ పని బావ అందుకున్నాడు. మగాడికి ఇదేం పనని ఊరు నవ్విందట. బుట్టెడు పువ్వుల్లో ఒకరి అల్లిక మాత్రం బిగువుగా, ముచ్చటగా ఉండేదట. బావ వాటిని ఏరి, అన్నిటినీ ఒకే గుడ్డలో అతికేవాడు. "నా పువ్వులన్నీ ఒక్కచోటే ఉంచిందెవరు?" అని అడుగుతూ, ఆ పువ్వులు అల్లిన అక్క బావ వాళ్ళ గడప తొక్కింది. అలా మొదలై పెళ్ళిదాకా వచ్చింది.

జిజాన్‌లో బావ మొబైల్ షాపులో చేసేవాడు. స్థానికులకే ఉద్యోగాలనే నితాఖత్ రూలు పేరు చెప్పి ఆ షాపుల్లో సౌదీవాళ్ళే ఉండాలన్నారు. పని పోయింది. అక్కడ ఉండాలంటే ఇకామా అనే అనుమతి కార్డు కావాలి; బావ భర్తగా అక్క ఇకామా మీదికి మారి, ఇంట్లో వంట చేస్తూ, అక్క తీరికలో అల్లిన పువ్వులు అతుకుతూ ఉండేవాడు. ఆపైన లెవీ వచ్చిపడింది. వెంట ఉన్న మనిషికి డబ్బు కడితేగాని ఇకామా రెన్యువల్ కాదట! కట్టుకున్నవాడు పక్కన ఉండడానికి కూడా సుంకమా?

ఒక శుక్రవారం అందరూ మా ఇంట్లో భోజనానికి చేరారు. కింది వాటాలో ఉండే కరీంనగర్ మేస్త్రీ, వయసులో పెద్దాయన, అక్కని అందరి ముందూ అననే అన్నాడు.

"ఏం బిడ్డా, నీ మొగడు ఇంట్ల కూసోని పూలల్లుతాంటే నువ్వు లెవీ కట్టుడేంది? ఎగ్జిట్ కొట్టిచ్చి ఇంటికి తోలరాదు?"

మగవాళ్ళు పకపకా నవ్వారు. బావ తల దించుకుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అక్క లేచి వెళ్ళి, ఇంకా అతకని పువ్వులు దోసెడు తెచ్చి బల్ల మీద పరిచింది. "బాబాయిగారూ, గుడ్డ ఎత్తినట్టు కొస పట్టుకుని ఎత్తండి."

ఆయన ఎత్తాడు. చేతిలోకి ఒక్క పువ్వే వచ్చింది. తక్కినవన్నీ బల్ల మీదే ఉండిపోయాయి.

"చూశారుగా. ఆయన లేకపోతే నా బతుకు ఇంతేనండి."

మేస్త్రీ ఆ పువ్వుని మెల్లగా తక్కినవాటి పక్కన పెట్టాడు. "నా పెండ్లాం పక్కన కూసోని ఏండ్లాయె బిడ్డా. అందుకే నోరు జారిన," అన్నాడు. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు.

ఇకామా గడువు దగ్గరపడింది. బావని ఒక్కణ్ణే పంపమని అందరూ చెప్పినా వినక, అక్క ఉద్యోగం వదిలి, ఇద్దరికీ ఎగ్జిట్ వేయించుకుని బావతో ఊరికి వెళ్ళిపోయింది. మంచి ఉద్యోగం కాలదన్నుకుందని ఆవిడనే తిట్టారు! తిట్టాల్సింది ఆవిడనా?

మనిషిని ఖర్చుకింద జమకట్టేవాళ్ళంటే నాకు ఇప్పటికీ మంటే. మా ఇంట్లో ఎవర్నీ ఉత్తినే కూర్చున్నాడని అననివ్వను.

మీ ఇంట్లో మొగుడూ పెళ్ళాం, పిల్లాజెల్లా ఒకచోటే కూర్చుని అన్నం తిందురు గాక. ఆ సుఖానికి మిమ్మల్ని ఏ దేశమూ సుంకం అడగకుండు గాక.