పెరుగు ముందొచ్చిన బంతి

ఆ రోజుల్లో ఎవరికీ తెలియనిదేదో నాకొక్కడికే తెలుసని గట్టి నమ్మకం. ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్లను పరీక్షించే ఉద్యోగంలో కొత్తగా చేరాను. ప్రోగ్రాంలో నాలుగు పనులు ఒకేసారి నడుస్తుంటే, ఒకరి పని మధ్యలో ఇంకొకరు వేలు పెట్టకుండా చూసేది అటామిక్ ఆపరేషన్. ఆ పనులు మిగతావాళ్ల కంట ఏ వరసలో పడాలో చెప్పేది మెమరీ ఆర్డరింగ్. మనం వరస చెప్పకపోతే కంపైలరే అన్నిటికన్నా కచ్చితమైనది పాటిస్తుంది. నేను చదివిన సి ప్లస్ ప్లస్‌లో అంతే. (ఓపెన్ ఎంపీ అనే ఇంకో పద్ధతిలో చెప్పకపోతే వరస గాలికి వదిలేస్తారని అప్పటికింకా చదవలేదు.)

చీపురుపల్లిలో అక్క గృహప్రవేశం. అక్క అత్తగారి తోబుట్టువు, రెండేళ్లుగా అక్కావాళ్లతో మాటల్లేని పెద్దత్త, శ్రీకూర్మం నుంచి వచ్చింది. "ఈపాలి అలిగెల్లిపోతే మరి మా గడప తొక్కదురా. వడ్డన నువ్వు సూసుకో" అని అక్క నా చెయ్యి పట్టుకుంది. నేను వడ్డనవాళ్లను నిలబెట్టి పాఠం చెప్పాను. ఎవరి గిన్నె వాళ్లదే, ఇంకొకరు ముట్టకూడదు, ఎవరి పని వాళ్లు వేగంగా కానివ్వాలి, గుమ్మం దగ్గర ఎర్ర తువ్వాలు ఊపితే బంతి కూర్చోవాలి. ఏది ముందో ఏది వెనకో మాత్రం చెప్పలేదు. డిఫాల్టుగా ఉంటుందిగా!

తువ్వాలు పట్టుకున్నాయనకు వేరే పని లేదు, వెంటనే ఊపేశాడు. బంతి కూర్చుంది. అన్నం ఇంకా గంజి వారుతోంది. పెరుగు మాత్రం సిద్ధంగా ఉంది, ఖాళీ విస్తళ్లలో వేసుకుంటూ పోయారు. పెద్దత్త విస్తరికేసి చూసి, "పెరుగేసీసినారంటే నెగమనే గదా" అని లేచింది. అక్క మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

"ఏటి మావా ఇది?" అని వడ్డనవాళ్లకు పెద్ద అయిన గరిటి మావని నిలదీశాను.

"నువ్వు ఆగమన్లేదు గదా బాబూ. సదూకున్నోడివి, ఇదేదో కొత్త పద్దతనుకున్నాం."

పెద్దత్తకి అడ్డంపడి అటామిక్ గురించి మొదలెట్టాను. రెండో వాక్యానికే ఆవిడ చెయ్యెత్తింది. "ఆపరా. అన్నం ఉన్నాదా, లేదా?"

"ఉంది, వారుతోంది."

"అయితే ఎనకనించి తింతాం. రెండేళ్లు అలిగింది సాలు, మరి నెగను" అని మళ్లీ కూర్చుంది. పెరుగు, చారు, కూర, పప్పు, చిట్టచివర బూరె. బంతంతా అలాగే తిన్నారు.

ఇప్పుడు నేను రాసే ప్రతి అటామిక్ పక్కనా వరస రాస్తాను. "రాయకపోయినా అదే కదా సార్" అని మా టీం నవ్వుతుంది. రాస్తే మంచిదే. కానీ ఆ రోజు ఆ తెలివితక్కువవాడు, అంటే నేనే, వరస చెప్పేసి ఉంటే పెద్దత్త లేచేది కాదు. ఇక లేవనని తన నోటితో తాను అనేదీ కాదు.