పదిహేడో నంబరు డ్రైవరు కన్ను

డిపోలో అందరూ ఆయన్ని హీరోగారు అని పిలిచేవాళ్లు. అందగాడని కాదు. మబ్బు పట్టిన రోజున కూడా, ఆఖరికి మేనేజరు గదిలో సంతకం పెట్టేటప్పుడు కూడా నల్లకళ్లద్దాలు తీయడని. మొదట్లో ఆ పిలుపు వింటే ఒళ్లు మండేది. పోనుపోను అదే పేరైపోయింది.

ఆ అద్దాలు రాకముందు పద్నాలుగేళ్లు ఆయన పదిహేడో నంబరు సిటీ బస్సు నడిపాడు. పొద్దున మొదటి ట్రిప్పు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఎక్కేవాళ్లంతా తెలిసిన మొహాలే: ఆస్పత్రి ఊడ్చే ఆవిడ, పాలకేంద్రంలో పనిచేసే అన్నదమ్ములిద్దరు, రోజూ చివరి క్షణంలో సంచి ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చే లెక్కల మాస్టారు. మాస్టారి కోసం ఆయన అర నిమిషం ఆగేవాడు. కండక్టరు గొణిగేవాడు. బస్సు వంతెన ఎక్కేసరికి సూర్యుడు ఎదురుగా వచ్చి ముందు అద్దమంతా పరుచుకునేవాడు. రెప్ప వాల్చకుండా ఆ వెలుగులోకి బస్సును తోలుకుపోవడం ఆయనకు అదో సుఖం.

నలభై రెండో ఏట ఎడమ కన్ను ఎర్రబడింది. దుమ్ము పడిందనుకున్నాడు. డిపోలో వాళ్లు కళ్లకలక అనుకుని ఆమడ దూరం జరిగారు. మందుల షాపులో ఇచ్చిన చుక్కలు నాలుగు రోజులు వేసుకున్నాడు. అయిదో రోజు కిటికీ తెరవగానే వెలుతురు సూదిలా లోపలికి దిగింది. అక్కడే గోడ పట్టుకుని కూలబడ్డాడు.

ఆయన భార్య స్కూలు లైబ్రరీలో పని చేసేది. ఆ రోజు సెలవు పెట్టి కంటాస్పత్రికి లాక్కెళ్లింది. ఇది పైపై ఎరుపు కాదనీ, కంటి లోపల వాపనీ డాక్టరు చెప్పాడు. గంటకోసారి ఒక రకం చుక్కలు, రోజుకు మూడుసార్లు కంటిపాప పెద్దదయ్యే చుక్కలు రాసిచ్చాడు. వెలుతురు తట్టుకోలేక నల్లకళ్లద్దాలు పెట్టింది అప్పుడే. నెలన్నరలో తగ్గింది. నాలుగు నెలల్లో మళ్లీ వచ్చింది. ఈసారి కుడి కంటికి.

అలా మూడేళ్లలో ఏడుసార్లు. తగ్గినట్టే తగ్గి, పిలవని చుట్టంలా మళ్లీ గుమ్మంలో నిలబడేది. వచ్చినప్పుడల్లా ఆయన్ని స్టీరింగ్ మీంచి దింపి, ప్రయాణికులు మర్చిపోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టేవాళ్లు. ఆ గదిలో గొడుగులు, ఒంటి చెప్పులు, ఒకసారైతే ఎవరిదో పళ్ల సెట్టు. అది పోగొట్టుకున్నవాడు ఇంటికెళ్లి ఎలా తిన్నాడో అని కండక్టరు ఆశ్చర్యపోయాడు. ఆయనా నవ్వాడు. కానీ బయట పదిహేడో నంబరు కదిలితే చేతిలో పని ఆగిపోయేది. రెండో గేరులో ఆ బండి చేసే మూలుగు ఆయనకు తెలుసు. ఇంకెవరో మోటుగా గేరు మారిస్తే తన పన్ను గీసుకున్నట్టు ఉండేది. అది గేటు దాటి, మలుపు తిరిగి, వినబడకుండా పోయేదాకా అలాగే ఉండిపోయేవాడు.

సలహాలకు కరువు లేదు. కన్ను ఎరుపెక్కితే చాలు, ఎదురైన ప్రతివాడూ వైద్యుడే. ఒకరు తేనె వేయమన్నారు, ఒకరు దోసకాయ ముక్కలు పెట్టుకోమన్నారు. ఆయన చేసిన తప్పు మాత్రం వేరే. ఆరోసారి ఎరుపు తగ్గి కన్ను తెల్లబడగానే, ఇక చుక్కలు దేనికని తనంతట తనే మానేశాడు. డ్యూటీ ఎక్కాలన్న తొందర. ఆ సంగతి భార్యకు చెప్పలేదు.

రెండు వారాల తర్వాత మధ్యాహ్నం ట్రిప్పులో ఎడమ కంటికి పొగమంచు కమ్మింది. ముందు వెళ్తున్న ఆటో రెండుగా, తర్వాత ముద్దగా కనిపించింది.  బస్సును మెల్లగా పక్కకు తీసి, ఆపి, తాళం చేతిలో పట్టుకున్నాడు.

"ఏంటయ్యా, నడిరోడ్డు మీద ఆపావు? మాకు పనుల్లేవా?" వెనకనుంచి ఒకావిడ కసిరింది.

"నాకు సరిగ్గా కనబడట్లేదమ్మా," అన్నాడు ఆయన.

 కండక్టరు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "దిగు గురూ. ఇంకో బండికి ఫోన్ చేస్తా." 

ఇంటికొచ్చి భార్యకు అంతా చెప్పేశాడు.  "నలభై మందిని ఎక్కించుకున్నారండీ," అంది ఆమె. తిట్టినా బాగుండేది.

ఈసారి పెద్దాస్పత్రికి వెళ్లారు. అక్కడి డాక్టరమ్మ కన్ను చూసి, ఫైలంతా తిరగేసి, కంటికి సంబంధం లేని ప్రశ్న వేసింది.

"పొద్దున లేవగానే నడుం పట్టేస్తుందా?"

"అదెప్పుడూ ఉన్నదేనండీ. ఇన్నేళ్ల డ్రైవరు సీటు మహిమ."

"పడుకుంటే తగ్గుతుందా, తిరిగితే తగ్గుతుందా?"

ఆయన ఆలోచించాడు. "తిరిగితేనండీ. అరగంట అటూ ఇటూ నడిస్తే గానీ వంగలేను."

"సీటు నొప్పయితే పడుకుంటే తగ్గాలి కదా," అందామె. రక్తపరీక్ష, నడుం ఎక్స్‌రే రాసింది. రెండూ చూశాక మెల్లగా చెప్పింది: నడుం నొప్పీ కంటి వాపూ వేరువేరు జబ్బులు కావు. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి, ఒకసారి కంటిమీదా ఒకసారి వెన్నుమీదా పడుతోంది. చుక్కలు మంటనార్పుతాయి, అంతే. కీళ్ల డాక్టరు దగ్గర అసలు వైద్యం మొదలుపెట్టాలి.

"దాంతో పూర్తిగా పోతుందామ్మా?" ఆయన అణకువగా అడిగాడు.

"పోతుందని అబద్ధం చెప్పలేను. అణిచి ఉంచుతాం. మందు మాత్రం మీ అంతట మీరు మానకూడదు."

ఆ మందు దాగున్న క్షయను లేపుతుందట, అది లేదని పరీక్షలు చేసి, రెండు వారాలకోసారి పొట్టమీద ఇంజెక్షను మొదలుపెట్టారు. బస్సునే తిప్పే మనిషి సూదిని చూస్తే మొహం తిప్పుకునేవాడు. భార్యే నేర్చుకుని వేసేది. రెండు నెలలకు, పొద్దున మంచం దిగి వంగి చెప్పులు తొడుక్కున్నాడు. తొడుక్కున్నాక గానీ ఆ సంగతి గమనించలేదు. ఆరు నెలలు గడిచాయి, ఏడాది గడిచింది. కన్ను ఎర్రబడలేదు. అయినా రోజూ అద్దం ముందు నిలబడి రెప్ప కిందికి లాగి చూసుకునేవాడు.

ఎడమ కంట్లో అప్పటికే పొర వచ్చేసింది. ఆపరేషను చేశారు, కొంత మేలైంది. డిపోవాళ్లు పంపిన వైద్యపరీక్షలో మాత్రం ఆ కన్ను కింది రెండు వరుసలూ చదవలేకపోయింది. ప్రయాణికుల బండి ఇక ఇవ్వలేమని కాగితం వచ్చింది. బస్సులకు టైము రాసే పని ఇచ్చారు. ఆయన వాదించలేదు. ఆ రోజు ఆటో ముద్దగా కనిపించడం ఆయనకు ఇంకా గుర్తుంది.

ఇప్పుడు ఆయన చెయ్యి ఊపితేనే మొదటి ట్రిప్పు కదులుతుంది. నడిపేది కొత్తగా చేరిన అమ్మాయి. బాగా నడుపుతుంది. అదొక్కటే ఆయనకు కాస్త కష్టంగా ఉంటుంది. బస్సు వెళ్లిపోయాక రిజిస్టరు ముందు కూర్చున్నా, అది ఎక్కడిదాకా వెళ్లి ఉంటుందో మనసులో లెక్క సాగుతూనే ఉంటుంది. ఇప్పుడు మార్కెట్టు. ఇప్పుడు బ్యాంకు మలుపు, అక్కడ మూడో గేరు.

ఒక సెలవు రోజు భార్య తన తమ్ముడి పాత కారు తెప్పించి గుమ్మం ముందు పెట్టించింది.

"నాకు నేర్పండి," అంది.

"ఈ వయసులోనా?"

"మీ వయసు కంటే తక్కువే లెండి."

ఊరి చివర ఖాళీ మైదానంలో మొదలుపెట్టారు. ఆమె చేతిలో బండి మూడుసార్లు ఆగిపోయింది. నాలుగోసారి క్లచ్చు మెల్లగా వదిలితే కారు కదిలింది. ఆమె పంటి బిగువున స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తోంది. ఆయన పక్క సీట్లో కూర్చుని, ఇంజను గొంతు మారగానే, "ఇప్పుడు రెండు," అన్నాడు. గేరు మెత్తగా పడింది.

"ఏమండీ, మీ కాలెందుకలా నేలను తొక్కుతోంది? అక్కడ బ్రేకు లేదు."

ఆయన కిందికి చూసుకుని, కాలు వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి అది మళ్లీ అక్కడికే వెళ్లింది. ఆమె అది చూసి, తన బ్రేకు మెల్లగా తొక్కింది.