సూడు, సోడ్

మా మామ పోయాడన్న కబురు నాకు నల్లా దగ్గర అందింది. బిందె సగం నిండింది. దవాఖాన నుంచి వచ్చిన మా ఆయన గల్లీ మొదట్లోనే ఆగి, నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. వెనకనున్న ఆమె "బిందె తియ్యమ్మా, నీళ్ళు పోతున్నయ్" అంటోంది. తీశాను. ఆ నీళ్ళు ఇంట్లోకి తేవాలో, అక్కడే పారబోయాలో తెలియలేదు.

మామ టాక్సీ నడిపేవాడు. మా గల్లీలో అన్నిటికంటే పాత బండి ఆయనదే. పాలమూరు నుంచి ఈ మరాఠీ ఊరికి నేను కోడలిగా వచ్చేనాటికే, గుంతల్లో కుదుపు ఆపే దాని ముందు షాకప్‌లు అరిగిపోయాయి. చిన్న గుంత తగిలినా ముక్కు నేలకు వంచి, లేచి, మళ్ళీ వంగి, ఊగుతూ పోయేది. స్టాండులో తోటి డ్రైవర్లు "కాకా, టాక్సీ నడుపుతున్నవా, పడవ నడుపుతున్నవా?" అని ఆటపట్టించేవాళ్ళు.

"పడవనే. వానలు పడనియ్యిండ్రి, మీరే వచ్చి ఎక్కుతరు" అనేవాడు మామ.

పొద్దున్నే సాసర్లో చాయ్ తాగి, బండి ముందు నిలబడి, రెండు చేతులతో బానెట్‌ను గట్టిగా ఒత్తి వదిలేవాడు. "మంచిగున్న షాకప్ ఒక్కసారి లేచి నిలబడ్తది. ఊగుతనే ఉంటే దాని పానం పోయినట్టే." ఆ మాట పైన మా కిటికీ వైపు చూస్తూ అనేవాడు. అక్కడ మా ఆయన కూర్చుని ఉండేవాడు. వర్లిలో తాను పనిచేసే మిల్లు మూతపడ్డాక ఆయన చోటు అదే. మామకు ఆయాసం. తాను కూర్చోలేని నాటికి ఆ స్టీరింగు కొడుకు చేతికి రావాలని కోరిక. వేరే కోరిక ఆయన నోట నేను వినలేదు.

నాగ్‌పాడాలో గ్యారేజీ అతను బండి చూసి, "దీన్ని తుక్కు కింద అమ్మెయ్యి చాచా" అన్నాడట. మామ రెండు కొత్త షాకప్‌లు గోనెసంచిలో చుట్టి మోసుకొచ్చాడు. "ఇంటికాడనే మారుస్త. రెండు దిక్కులా మార్చాలె. ఒకటి కొత్తది, ఒకటి పాతదైతే బండి పక్కకు గుంజుతది" అన్నాడు.

ఆదివారం పొద్దున బండి ముందుభాగం జాకీతో ఎత్తి, కట్టెదిమ్మెల మీద నిలిపి, చక్రం విప్పాడు. కొడుకును కేకేశాడు.

"జానేదే నాయినా. ఆ డబ్బాకు ఎంత జేసినా గంతే" అన్నాడు మా ఆయన, కిటికీ దగ్గర నుంచి లేవకుండానే.

మామ మళ్ళీ పిలవలేదు. కిరసనాయిలు సీసా ఇచ్చి పోదామని కిందికి దిగిన నాతో "బిడ్డా, గీ జాకీ పట్టు" అన్నాడు.

మామ ఎదుట కోడలు నిలబడని ఇల్లు మాది. తిరిగి ఒక మాట అడగడం కూడా లేదు. కొంగు తల మీదికి లాక్కుని కూర్చున్నాను. తుప్పు పట్టిన నట్లు కిరసనాయిలు తాగి తాగి చివరికి కదిలాయి. పాతది ఊడదీశాడు. చక్రం బిగించే ఇనుప చేయి కింద జాకీ పెట్టించాడు. నేను తిప్పుతూ ఎత్తుతుంటే ఆయన పక్కకు పడుకుని, కొత్తదాని రంధ్రం కుదిర్చి బోల్టు తోశాడు. అక్కడి నుంచే దగ్గుతూ "సోడ్!" అన్నాడు.

చూడు అనడానికి మా ఊళ్ళో సూడు అంటాం. వంగి చూశాను.

"సోడ్! సోడ్!"

ఇంకా వంగాను. నూనె పూసుకున్న ఆయన ముఖం నా ముఖానికి ఎదురైంది.

"నన్నేం సూస్తవు బిడ్డా? జాకీ సోడ్! మరాఠీల సోడ్ అంటే ఇడ్సిపెట్టు!"

పై గ్యాలరీలోంచి పక్కింటి అత్త వంగింది. "ఏమన్నా, కోడలికి మరాఠీ నేర్పుతున్నవా, గ్యారేజీ నేర్పుతున్నవా?"

"రెండూ. ఇంకెవరన్న ఉంటే పంపు, ఒక్కటే ఫీజు!"

నేను నవ్వేశాను. మామ ముందు నవ్వడం అదే మొదలు. ఆనాటి నుంచి ఆయనకు నా పేరు సూడు. "సూడూ, చాయ్!" అని మెట్ల కిందినుంచే వినిపించేది. చాయ్ తాగుతూ ఒక మరాఠీ మాట చెప్పేవాడు. బజారులో నేను నోరు విప్పి కూరగాయలు బేరం చేస్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

రెండో పక్క బిగించేసరికి సాయంత్రమైంది. ఆయాసపడుతూనే బానెట్‌ను ఒత్తి వదిలాడు. ఒక్కసారి లేచి నిలబడింది. మామ పైకి చూశాడు. కిటికీ దగ్గర ఎవరూ లేరు. మా ఆయన లోపల పడుకున్నాడు.

"గుంత మన చేతిల లేదు బిడ్డా. పడ్డంక ఎంతసేపు ఊగుతమో, గదే మనది" అన్నాడు. నాకు చెప్పాడో, తనకే చెప్పుకున్నాడో.

వానలు మొదలవగానే మంచం పట్టాడు. దవాఖానలో చివరి సాయంత్రం నేను ఒక పక్క, మా ఆయన ఒక పక్క నిలబడ్డాం. మామ నా చెయ్యి పట్టుకుని, కొడుకు వైపు తిరిగి, ఊపిరి కూడదీసుకుని ఒకే మాట అన్నాడు. మా ఆయనకు సోడ్ అని వినబడింది. నాకు సూడు అని వినబడింది. ఏమన్నావు మామా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

కర్మలయ్యాక మా ఆయన బండి అమ్ముతానన్నాడు. "నాయిననే ఇడ్సిపెట్టుమన్నడు. నా చెవులతో విన్న."

"నాకు సూడు అన్నట్టు వినబడ్డది."

"ఏం సూడాలె? నన్నా, బండినా?"

ఒక్కోసారి అనిపిస్తుంది, మామ ఊరికే తాను పెట్టిన పేరుతో నన్ను పిలిచాడేమోనని.

తుక్కు కొనేవాడు వచ్చి తనే బండి నడుపుకుంటూ పోయాడు. మా ఆయన కిందికి రాలేదు. గల్లీ చివర మోరీ మీద కుంగిన బండ ఉంది. ముందు చక్రాలు అందులో దిగాయి. ముక్కు ఒక్కసారి వంగింది, ఒక్కసారి లేచింది, నిలబడింది. అలాగే, ఊగకుండా, మలుపు తిరిగిపోయింది.