నేను బియ్యం బస్తానైన రోజు

పొద్దున బియ్యం డబ్బాలో పోద్దామని గోనెసంచి మూతి విప్పాను. తవుడు, దుమ్ము, జనపనార కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నవ్వు ఆగలేదు. పక్కింటి పిల్ల చూసి, “ఏంది పెద్దమ్మా, సంచిని చూసి నవ్వుతన్నావు?” అంది. ఒకప్పుడు నేనూ బియ్యం బస్తానే అంటే దానికేం అర్థమవుతుంది? నాకు సంతకం వరకే వచ్చు. అందుకని నేను చెబుతుంటే ఆ పిల్లే రాస్తోంది.

మాది కారంపూడి దగ్గర పల్లె. మా ఆయన పోయాక ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే పని దొరికింది. ఆ బడికి నరసరావుపేట నుంచి బస్సులో వచ్చేది రాజ్యలక్ష్మి టీచరు. మనిషి చీపురుపుల్ల, గొంతు మాత్రం మైకు మింగినట్టుండేది. ఆమె పిల్లలకు పాఠం చెబితే వంటపాకలో నాకూ, నా పప్పుకూ కూడా వినపడేది. చిన్నప్పుడు బడి మొహం చూడని నేను, ఆ వయసులో పొయ్యి ముందు కూర్చుని చదువుకున్నాను.

వంటపాక వెనక, కూలిన పాత ప్రహరీ నాపరాళ్లు కుప్పగా పడి ఉండేవి. ఒకరోజు టీచరు పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టింది. “ఇందులో ఒక ఊరుందర్రా. పైరాయి మీద ఎండ కాచుకునే తొండ. నీడరాయి కింద తేలు. అడుగున చెమ్మలో కప్ప. లోపలెక్కడో ఎలుకల్ని పట్టే జెర్రిపోతు పాము. తిండి, నీళ్లు, తలదాచుకునే చోటు, పిల్లల్ని పెంచుకునే వీలు ఎక్కడ దొరికితే అదే వాటి ఆవాసం” అని చెప్పింది.

బడి కమిటీ ఛైర్మన్ సాంబయ్య కూతురు నాగమణి చెయ్యెత్తింది. “టీచర్, మా నాయన ఎప్పుడూ టీ బంకు కాడే ఉంటాడు. అది ఆయన ఆవాసమా?”

“తిండి దొరుకుద్దా అక్కడ?”

“బజ్జీలు దొరుకుతయ్.”

“నీళ్లు?”

“టీ తాగుతాడు.”

“నిద్ర?”

“బల్ల మీదే.”

“పిల్లల్ని పెంచడం ఒక్కటే తక్కువ. ఆవాసమేలే. మీ అమ్మకు మాత్రం చెప్పమాక.”

నేను నవ్వుతూ నిలబడిపోయాను. ఆ రోజు పప్పు మాడింది.

జెండా పండగ వచ్చింది. బడి అద్దంలా ఉండాలని సాంబయ్య ట్రాక్టరు తెచ్చి రాళ్లన్నీ ఎత్తించాడు. జెర్రిపోతు బయటికొస్తే నలుగురూ కర్రలతో కొట్టి చంపారు. మర్నాడు బస్సు దిగిన టీచరు ఆ బోసినేల చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. తర్వాత, “అందరిచేతా ఇళ్లు ఖాళీ చేయించారు. ఇప్పుడు వాళ్లెక్కడికి పోవాలి సాంబయ్యగారూ?” అని అడిగింది.

“అడివికి పోతయ్ టీచరమ్మా. ఇంత అడివి ఉండె గదా!”

అడివి దారి వాటికెవరు చూపించారు? అన్నీ నా వంటపాకలోకే వచ్చాయి. గిన్నె ఎత్తితే కప్ప, చీపురు పట్టుకుంటే తేలు, పోపులడబ్బా మీద తొండ. వీటితో ఎట్లాగో సర్దుకున్నాను. పాము పోయాక ఎలుకలకు మాత్రం అడ్డు లేకుండా పోయింది. రాత్రికి రాత్రే బస్తాల అడుగున కన్నం పడేది. కింద ఒక్క గింజ కనపడేది కాదు. నేను కుట్టేకొద్దీ అవి కొరికేవి. నెల తిరక్కముందే బియ్యం అడుగంటాయి. ఊళ్లో మాట మొదలైంది, ఒంటరి ఆడది ఇంటికి మోస్తోందని.

సాంబయ్య పొయ్యి దగ్గరికే వచ్చాడు. “ఏమే కోటమ్మా, బియ్యం యాడికి పోతన్నయ్?”

“ఎలకలు తింటన్నయ్ అన్నా.”

“ఎన్ని కాళ్ల ఎలకే అది? రెండా, నాలుగా? సోమవారం కమిటీ వస్తది. వేరే మనిషిని చూసుకుంటాం.”

పని పోతే మిరపకోతలకు పోయి బతకొచ్చు. దొంగ అన్న పేరు మోసుకుని ఎవరి చేలోకి పోను? టీచరు దగ్గర ఏడ్చాను. ఆమె కళ్లజోడు తుడుచుకుంటూ, “సోమవారం మంచి చీర కట్టుకోవద్దక్కా, చిరిగినా పర్లేనిది కట్టుకుని రా” అంది.

సోమవారం కమిటీ వచ్చేసరికి టీచరు పిల్లల్ని వాకిట్లో వరసగా నిలబెట్టింది. చేతిలో ఊలుదారం ఉండ. “కోటమ్మక్కా, నువ్వు బియ్యం బస్తా. మధ్యలో కూర్చో.”

“నేనేంది టీచరమ్మా, సిగ్గు గాదా!”

“ఆకారం సరిపోయింది, కూర్చో.”

నా చేతికిచ్చిన దారం ఎలుకలైన పిల్లల దగ్గరికి, ఎలుకల నుంచి జెర్రిపోతైన పిల్లాడి దగ్గరికి, అక్కణ్నుంచి గద్దైన పిల్ల దగ్గరికి పోయింది. జెర్రిపోతు, ఆ పొడుగు పిల్లాడు, దారం లాగి పట్టుకున్నంతసేపూ ఎలుకలు కదల్లేదు. “సాంబయ్యగారూ, జెర్రిపోతును తీసి అవతల కూర్చోబెట్టండి. మొన్న తీసింది మీరేగా?” అంది టీచరు. ఆయన నవ్వుతూ పిల్లాణ్ని పక్కకు లాగాడు.

అంతే, ఎలుకలన్నీ నామీద పడ్డాయి. ఒకతి కొంగు లాగింది, ఇంకొకడు చంకలో చక్కిలిగింత పెట్టాడు. “ఓరి నాయనో, బస్తా చిరుగుతందర్రా!” అని అరుస్తూ వెల్లకిలా పడ్డాను. కమిటీ వాళ్లు కడుపులు పట్టుకున్నారు. నా కొప్పు పట్టుకుని లాగుతున్న నాగమణి అప్పుడడిగింది.

“నాయనా, టీ బంకు తీసేస్తే నువ్వు యాడికి పోతావు?”

“యాడికి పోతానే? ఇంటికి వస్తా.”

“మరి అమ్మ గతేంది?”

సాంబయ్య నవ్వు ఆగిపోయింది. లేచి తిన్నగా బియ్యం గదిలోకి నడిచి, అంచున ఎలకలు మట్టి తోడిన మూలబండ ఎత్తించాడు. కింద బొరియ నిండా బడి బియ్యం. నా వైపు చూడకుండానే, “కోటమ్మా, పొయ్యి వెలిగించు, పిల్లలకు ఆకలవుద్ది” అన్నాడు. నా పని నిలబడిందని, పేరు కూడా నిలబడిందని నాకు ఆ మాటతోనే తెలిసింది.

మర్నాడు అదే ట్రాక్టరు ఆ రాళ్లే మోసుకొచ్చింది. సాంబయ్య దగ్గరుండి పేర్పించి, “పాము ఎప్పుడొస్తది టీచరమ్మా?” అని దిగులుగా అడిగాడు.

“పిలిస్తే రాదండీ. మీలాగే, బంకు కనపడితే అదే వస్తుంది.”

వానలు పడ్డాక రాళ్ల సందులో పాము కుబుసం దొరికింది. పట్టుచీర పట్టుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకెళ్లి టీచరుకు చూపించాను. తర్వాత ఆమెకు బదిలీ అయింది. ఆమె గొంతు మాత్రం నాతోనే ఉంది. ఈనాటికీ ఏ మూల ఊడ్చబోయినా, ఏ రాయి కదపబోయినా, ఇది ఎవరి ఇల్లో అని చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

ఇంతవరకూ రాసి ఈ పిల్ల తలెత్తింది. “పెద్దమ్మా, మన గోడ పక్కన రాళ్లకుప్ప రేపు తీయిద్దామనుకుంటన్నాం.”

“తీయించండమ్మా. అందులో వాళ్లకు మీ ఇల్లు దగ్గరే” అన్నాను.

అప్పటినుంచి మంచం మీద కాళ్లు పైకి పెట్టుకునే రాస్తోంది.